పరపతికి అక్షరాలు: ప్రభుత్వ బ్యాంకు ఋణపత్రాల రేటింగు భాషపై ఒక సాహిత్య విమర్శ

వ్యాససంగ్రహం

ప్రభుత్వ యాజమాన్యంలోని బ్యాంకులు జారీచేసే బాండ్లకు రేటింగు సంస్థలు ఇచ్చే అక్షరస్థాయిలను ఇంతవరకు వాణిజ్య, అర్థశాస్త్ర విభాగాలే పరిశీలిస్తున్నాయి. ఈ వ్యాసం వాటిని ఒక భాషావ్యవహారంగా, ఒక పాఠంగా చదువుతుంది. 'పరపతి', 'అప్పు పుట్టడం', 'ఎగవేత', 'మొండి బకాయి' వంటి తెలుగు మాటల అర్థచ్ఛాయలను, నక్షత్రకుడు, శ్రీనాథుడు, గిరీశం అనే మూడు సాహిత్యమూర్తులను ఆధారం చేసుకొని ఆ పాఠంలోని ఊహలను విమర్శిస్తుంది. అనంతపురం జిల్లా గుమ్మఘట్ట ప్రాంతపు ఋణవ్యవహారం ఇందుకు నేపథ్యం. ఆంగ్లంలోని 'డిఫాల్టు'ను 'ఎగవేత'గా అనువదించడం వల్ల ఆపదకూ మోసానికీ మధ్యనున్న భేదం తెలుగులో చెరిగిపోతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరపతి, ఋణపత్రం, రేటింగు, ఎగవేత, ఆంధ్రా బ్యాంకు, నక్షత్రకుడు, శ్రీనాథుడి చాటువు, రాయలసీమ.

1. ప్రవేశిక

గుమ్మఘట్ట మండలం అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉంది. వేదవతి నదిని ఇక్కడివారు హగరి అంటారు. దానిమీద కట్టిన భైరవానితిప్ప జలాశయం ఈ మండలంలోనిదే. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ప్రధానమైన మెట్టపంట. వాన మీద పంట, పంట మీద బాకీ ఆధారపడిన ఈ నేలలో అప్పుకు సంబంధించిన పదసంపద విస్తారమైనది. చేబదులు, కుదువ, ప్రోనోటు, జామీను, కంతు, బాకీ, పారుబాకీ: ఇవన్నీ ఒకే అర్థాన్నిచ్చే పర్యాయపదాలు కావు. ఒక్కొక్క మాట అప్పిచ్చేవానికీ పుచ్చుకొనేవానికీ మధ్యనున్న ఒక్కొక్క సంబంధాన్ని తెలుపుతుంది.

ఈ మాటలన్నింటికీ పునాది వంటిది 'పరపతి'. "ఆయనకు ఊళ్ళో పరపతి ఉంది" అంటే మాటకు విలువ ఉందని, పలుకుబడి ఉందని అర్థం. 'ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం' అన్నచోట అదే మాట సహకార ఋణానికి పేరయింది. రిజర్వు బ్యాంకు నిర్ణయాలను తెలుగు పత్రికలు 'పరపతి విధానం' అంటాయి. మనిషి మర్యాదను, అతనికి దొరికే అప్పును ఒకే మాటలో ఇమిడ్చిన భాష మనది. అప్పు ఇవ్వడానికి నమ్మకమే ఆధారమన్న అనుభవం ఆ మాటలోనే ఉంది.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక చిన్న సంఘటన. కొన్నేళ్ళ కిందట ఈ వ్యాసకర్త తండ్రి పంటరుణం పునరుద్ధరణకోసం ఒక బ్యాంకు శాఖకు వెళ్ళివచ్చి, "మన నోటు సూడరంట నాయనా, మన మాటా ఇనరంట. ఏందో నెంబరు సూస్తారంట" అన్నారు. ఆ అంకె ఎలా వచ్చిందో అడిగితే చెప్పగలవారు ఆ శాఖలో లేరు. అదే కాలంలో అటువంటి బ్యాంకులు తమ బాండ్లకోసం తామే ఒక సంస్థ ముందు నిలబడి అక్షరాలు పొందుతుంటాయన్న సంగతి ఆయనకు తెలియదు. రైతును తూచే బ్యాంకును మరొకరు తూస్తారు. ఈ రెండు తూకాల భాష ఒకటేనా అన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న.

2. రేటింగు అనే పాఠం

ఋణపత్రాలకు అక్షరస్థాయిలు ఇచ్చే పద్ధతిని అమెరికాలో జాన్ మూడీ 1909లో రైల్వే కంపెనీల బాండ్లతో ప్రారంభించాడు. భారతదేశంలో క్రిసిల్ 1987లోను, ఇక్రా 1991లోను, కేర్ 1993లోను ఏర్పడ్డాయి. 1999లో సెబీ వీటికి నియమావళిని రూపొందించింది. ట్రిపుల్ ఏ అన్నది అత్యున్నతస్థాయి. దాని తర్వాత డబుల్ ఏ, ఏ, ట్రిపుల్ బీ వరుసగా దిగుతూ, చెల్లింపు తప్పినప్పుడు డీ దగ్గర ముగుస్తుంది. ట్రిపుల్ బీ మైనస్‌ను, దానికి పైనున్నవాటిని మదుపుకు తగినవిగా పరిగణిస్తారు.

ఈ అక్షరం ఒంటరిగా రాదు. దానితోపాటు ఒక హేతువివరణ ప్రచురితమవుతుంది. అందులో బలాలు, బలహీనతలు, భవిష్యద్దృక్పథం, రేటింగు పెరగడానికో తగ్గడానికో కారణం కాగల అంశాలు ఒక స్థిరమైన క్రమంలో ఉంటాయి. శతకానికి మకుటంలాగా, దండకానికి నడకలాగా దీనికీ ఒక ప్రక్రియాలక్షణం ఏర్పడింది. కనుక దీనిని పాఠంగా చదవడం అసంగతం కాదు.

ఈ పాఠంలో మొదట గమనించదగినది కర్తృత్వం. తెలుగులో అప్పు 'పుడుతుంది'. "ఈ ఏడు ఊళ్ళో ఎక్కడా అప్పు పుట్టలేదు" అంటాడు రైతు. ఆ వాక్యంలో ఇవ్వనివాడు కర్త కాడు, దొరకనివాడూ కర్త కాడు. అప్పే కర్త. ఊరి స్థితి, వాన, మనిషి మర్యాద అన్నీ కలిస్తే పుట్టేది అప్పు అన్న భావన అందులో ఉంది. రేటింగు పాఠంలో కర్త సంస్థ. అది అక్షరాన్ని 'కేటాయిస్తుంది', 'పునరుద్ఘాటిస్తుంది', 'తగ్గిస్తుంది', 'ఉపసంహరిస్తుంది'. పలువురి అనుభవంలో పుట్టే పరపతి ఇక్కడ ఒకరి ప్రకటనతో ఏర్పడుతుంది.

రెండవది లిపి. ఈ అక్షరాలు ఆంగ్లాక్షరాలు. హేతువివరణలు దాదాపుగా ఆంగ్లంలోనే ఉంటాయి. తెలుగు సాహిత్యంలో ఆంగ్లాక్షరం పరపతిగా మారడాన్ని గురజాడ ముందే పట్టుకున్నాడు. 'కన్యాశుల్కం' ప్రథమాంకంలో గిరీశం అప్పులవాళ్ళనుంచి తప్పించుకొని ఊరు దాటే ప్రయత్నంలో ఉంటాడు. అతనికి ఆస్తి లేదు, జామీను లేదు. ఉన్నదల్లా ఇంగ్లీషు మాట. అగ్రహారంలో అతనికి తిండీ గౌరవమూ దొరికింది ఆ మాటవల్లనే. ఆ నాటకం రెండవ కూర్పు వెలువడినదీ, మూడీ తొలి రేటింగులు ప్రచురించినదీ ఒకే సంవత్సరం, 1909. ఇది కేవలం యాదృచ్ఛికం. అయినా చదవలేని భాషలో ఉన్న పరపతిని జనం ఎందుకు నమ్ముతారన్న ప్రశ్న రెండుచోట్లా ఉంది.

మూడవది, రేటింగు మనిషికి కాదు, కాగితానికి. ఒకే బ్యాంకు మామూలు బాండుకు ఒక స్థాయి, రెండవశ్రేణి మూలధన బాండుకు మరొక స్థాయి, అదనపు మొదటిశ్రేణి బాండుకు ఇంకొక స్థాయి ఉండవచ్చు. నష్టం వచ్చినప్పుడు ఏ కాగితం ముందు మునుగుతుందన్నదాన్నిబట్టి ఈ తేడా. అదనపు మొదటిశ్రేణి బాండ్లలో వడ్డీ ఆపే వీలు, అసలును రద్దుచేసే వీలు ఉంటాయి. 2020 మార్చిలో ఎస్ బ్యాంకు పునర్నిర్మాణంలో రూ. 8,415 కోట్ల ఇటువంటి బాండ్లు రద్దయ్యాయి. ఆ రద్దుపై న్యాయస్థానాలలో వివాదం నడిచింది. ఈ భేదం గుమ్మఘట్ట రైతుకు కొత్తది కాదు. ఒకే మనిషికి బంగారం కుదువపెడితే ఒక వడ్డీ, ప్రోనోటు రాస్తే ఒక వడ్డీ, వట్టి మాటమీదైతే మరొక వడ్డీ. ఈ విషయంలో మదుపు విపణికీ గ్రామానికీ తర్కం ఒకటే.

3. 'అండ' అనే అధ్యాహారం

ప్రభుత్వ బ్యాంకు బాండ్ల హేతువివరణలలో దాదాపు ప్రతిసారీ మొదటి బలంగా కనిపించేది ప్రభుత్వ యాజమాన్యం. యజమాని ప్రభుత్వం కాబట్టి అవసరమైనప్పుడు ఆదుకుంటుందని 'ఆశించబడుతున్నది' అనే ధోరణిలో ఆ వాక్యం సాగుతుంది. అది ప్రభుత్వం రాసిచ్చిన హామీ కాదు. వ్యాకరణం భాషలో చెప్పాలంటే అది అధ్యాహారం: వాక్యంలో లేని పదాన్ని అర్థంకోసం తెచ్చుకోవడం. బ్యాంకు సొంత లాభనష్టాలు బలహీనంగా ఉన్నా అక్షరం పైస్థాయిలో నిలవడానికి ఈ అధ్యాహృతపదమే కారణమవుతుంది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఈ బ్యాంకు తొలి పరపతి స్థాపకుల పేరుమీద, ప్రాంతాభిమానంమీద నిలిచింది. 1980లో జాతీయం కావడంతో ఆ పరపతికి ఆధారం మారింది. మూలధన నియమాలు కఠినమయ్యాక ఇతర ప్రభుత్వ బ్యాంకులలాగే ఇదీ బాండ్లు జారీచేసి రేటింగులు పొందింది. 2017 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రభుత్వ బ్యాంకులకు రూ. 2.11 లక్షల కోట్ల మూలధన పథకాన్ని ప్రకటించింది. అందులో రూ. 1.35 లక్షల కోట్లు ప్రత్యేక బాండ్ల రూపంలో సమకూర్చాలన్నది నిర్ణయం. అంటే బ్యాంకు సొమ్ముతో ప్రభుత్వ బాండు కొనడం, ఆ సొమ్ముతోనే ప్రభుత్వం బ్యాంకు వాటా కొనడం. అధ్యాహారంగా ఉన్న 'అండ' ఈ విధంగా క్రియారూపం దాల్చింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. తొంభయ్యారేళ్ళ పేరు తెరమరుగైనా దాని బాండ్ల బాధ్యత కొత్త యజమానికి చేరింది. అప్పు నిలిచింది, పేరు పోయింది. మన సామెతల లోకంలో పేరు నిలబెట్టుకోవడానికి అప్పు తీర్చేవారు. ఇక్కడ సంబంధం తలకిందులైంది.

గుమ్మఘట్ట వంటిచోట్ల ప్రభుత్వ బ్యాంకు అంటే ముందుగా గుర్తొచ్చేది గ్రామీణ బ్యాంకు. దీని మూలధనంలో కేంద్రానికి 50, ప్రాయోజక బ్యాంకుకు 35, రాష్ట్రానికి 15 శాతం వాటాలు. అనంతపురం కేంద్రంగా పనిచేసిన శ్రీఅనంత గ్రామీణ బ్యాంకు 2006లో రాయలసీమ, పినాకిని గ్రామీణ బ్యాంకులతో కలిసి కడప కేంద్రంగా ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఒకే ఖాతాదారు పాసుపుస్తకంమీద రెండు దశాబ్దాలలో మూడు పేర్లు మారాయి. ఇంత జరిగినా పొదుపు దాచుకొనేవారు బెదిరిపోలేదు. ఎందుకంటే వారు చదివింది బ్యాంకు పేరును కాదు, దాని వెనకనున్న 'సర్కారు' అనే మాటను. రేటింగు సంస్థ పేజీలకొద్దీ రాసి చేరుకొనే నిర్ణయానికి గ్రామస్థుడు ఆ ఒక్క మాటతో చేరుకుంటాడు.

ఈ అధ్యాహారం ఎంత బలమైనదో తెలియాలంటే అది తొలగిన సందర్భాన్ని చూడాలి. జర్మనీలో రాష్ట్రప్రభుత్వాల బ్యాంకులకు, పొదుపు బ్యాంకులకు ప్రభుత్వ హామీ చట్టబద్ధంగా ఉండేది. పోటీని వక్రీకరిస్తున్నదన్న ఐరోపా కమిషన్ అభ్యంతరంతో 2001లో ఒప్పందం కుదిరి, 2005 జూలై 18 తర్వాత జారీచేసే అప్పులకు ఆ హామీ లేకుండా పోయింది. ఆ రాష్ట్ర బ్యాంకుల స్థాయిలు తగ్గాయి. భవనాలు అవే, ఉద్యోగులు వారే. వాక్యంలోంచి ఒక్క పదం తొలగింది. రేటింగు కొలుస్తున్నది బ్యాంకునా, దాని వెనకనున్న అండనా అన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన సమాధానం దొరకదు.

4. నక్షత్రకుడి బత్తెం

తొలిదశలో రేటింగులను మదుపరులు కొనుక్కొని చదివేవారు. 1970ల నుంచి బాండు జారీచేసేవారే రేటింగు సంస్థకు రుసుము చెల్లించే పద్ధతి స్థిరపడింది. మదుపరి పక్షాన పలకవలసిన గొంతుకు జారీదారు బత్తెం ఇస్తాడు. ఈ వైరుధ్యాన్ని అర్థశాస్త్రజ్ఞులు చాలాకాలంగా చర్చిస్తున్నారు.

తెలుగు పాఠకుడికి ఈ స్థితి పరిచితమే. గౌరన 'హరిశ్చంద్రోపాఖ్యానం'లోను, ఇరవయ్యో శతాబ్దిలో బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోను నక్షత్రకుడు విశ్వామిత్రుడి పక్షాన బాకీ వసూలుకు హరిశ్చంద్రుడి వెంట నడుస్తాడు. అతణ్ణి పంపింది ఋణదాత. అతని తిప్పల మూల్యం పడింది మాత్రం ఋణగ్రస్తుడిమీద. 'నక్షత్రకుడిలా పట్టుకున్నాడు' అన్న జాతీయం నేటికీ వాడుకలో ఉండడానికి కారణం ఆ పాత్రలోని ఈ ద్వంద్వమే.

అయితే పోలికను ఇక్కడితో ఆపి భేదాన్నీ చూడాలి. నక్షత్రకుడు ఎవరి సొమ్ము తిన్నా విశ్వాసం మాత్రం విశ్వామిత్రుడిదే. అతని కాఠిన్యమే అతని నిజాయితీ. రేటింగు సంస్థ విషయంలో అనుమానం దీనికి విరుద్ధదిశలో ఉంటుంది. బత్తెం ఇచ్చేవాడిపట్ల మెత్తబడుతుందేమోనన్నది ఆ అనుమానం. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ సుమారు రూ. 91,000 కోట్ల అప్పులతో కుప్పకూలేముందు, కొద్దినెలల కిందటిదాకా దాని ఋణపత్రాలు ట్రిపుల్ ఏ స్థాయిలో ఉన్నాయి. ట్రిపుల్ ఏ నుంచి డీ వరకు ఉన్న మెట్లన్నీ వారాల వ్యవధిలో దిగిపోయాయి. మెట్టుమెట్టుకూ హెచ్చరించడానికే మెట్లున్నాయనుకున్న పాఠకుడు మోసపోయాడు. ప్రభుత్వరంగ సంస్థల వాటాలు అందులో ఉండడం కూడా ఆ అక్షరాన్ని నిలిపి ఉంచిన ఊహలలో ఒకటి. అధ్యాహృతమైన అండ అక్కడ సమయానికి రాలేదు.

హరిశ్చంద్రకథలో మరొక సూక్ష్మం ఉంది. అతనిది పత్రం లేని ఋణం, సాక్షి లేని ఋణం. రాజ్యం పోయింది కాబట్టి చెల్లించే శక్తి అతనికి శూన్యం. చెల్లించాలన్న సంకల్పం మాత్రం సంపూర్ణం. రేటింగుశాస్త్రం కూడా శక్తి, సంకల్పం రెండింటినీ చూస్తానంటుంది. కానీ సంకల్పాన్ని కొలిచే సాధనం దానికి గతచరిత్ర తప్ప మరొకటి లేదు. గతంలో అప్పే చేయనివాడి సంకల్పం దానికి కనబడదు. హరిశ్చంద్రుడికి నేడు స్కోరు ఉండదు.

5. శ్రీనాథుడి బాకీ: 'ఎగవేత' అనే అనువాదదోషం

ఈ వ్యాసపు ప్రధాన ప్రతిపాదన ఇక్కడ ఉంది. రేటింగు సోపానంలో చివరి మెట్టైన డీ ఆంగ్లంలో 'డిఫాల్టు'కు సంకేతం. ఆ మాటకు చెల్లించవలసినది గడువులో చెల్లించకపోవడం అని మాత్రమే అర్థం. కారణం ఏదైనా కావచ్చు. తెలుగు పత్రికలు, పరిభాషావేత్తలు దీనిని 'ఎగవేత' అన్నారు. ఎగవేయడం అంటే ఉండీ ఇవ్వకపోవడం, తప్పించుకోవడం. ఆ మాటలో ఉద్దేశం ముందే చేరిపోయింది. ఫలితంగా బుద్ధిపూర్వకంగా బాకీ మానినవారిని వేరుగా చెప్పవలసివచ్చినప్పుడు 'ఉద్దేశపూర్వక ఎగవేతదారు' అనవలసివస్తున్నది. అది పునరుక్తి. ఈ పునరుక్తే అనువాదం తప్పిందనడానికి సాక్ష్యం.

ఈ భేదం మన సాహిత్యానికి బాగా తెలుసు. శ్రీనాథుడి చివరి రోజులకు సంబంధించి ప్రచారంలో ఉన్న చాటుపద్యాల ప్రకారం ఆయన బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకొన్నాడు. కొంత పంటను కృష్ణ వరద తీసుకుపోగా, మిగిలినదాన్ని పక్షులు తిన్నాయి. ఏడువందల టంకాలు చెల్లించలేక శిక్షకు గురయ్యాడు. ఆ చాటువుల ప్రామాణికతను పరిశోధకులు పలువిధాలుగా చర్చించారు. వాటి చారిత్రకత ఎలా ఉన్నా, వాటిని నిలుపుకున్న జనస్మృతి మనకు ముఖ్యం. అందులో కవి తన బాకీని కాదనడు. ఎందుకు చెల్లించలేకపోయాడో ఒక్కొక్క కారణం లెక్కచెప్పి, ఎలా చెల్లించగలనని అడుగుతాడు. అది ఒకరకంగా ఋణగ్రస్తుడు రాసుకొన్న హేతువివరణ. రేటింగు పాఠంలో ఋణదాత పక్షపు హేతువివరణే ఉంటుంది. చాటువులో రెండవపక్షం మాట్లాడింది.

మరొక విషయం. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో కనకాభిషేకం పొందిన కవిసార్వభౌముడు ఆయన. ఆనాటి విద్వల్లోకం ఇవ్వగలిగిన అత్యున్నతస్థాయి అది. ఆ స్థాయి బొడ్డుపల్లె పంటకు జామీను కాలేకపోయింది. కీర్తి వేరు, నగదు వేరు. పరపతి అన్న ఒకే మాట రెండింటినీ పట్టుకున్నా జీవితం వాటిని విడదీయగలదని ఆ కథ చెబుతుంది. కనుక పాతకాలపు పరపతి న్యాయమైనదనీ, నేటి రేటింగు అన్యాయమైనదనీ తేలికగా తేల్చడానికి వీలులేదు. పాతకాలం శ్రీనాథుడి కారణాలు విన్నట్లు ఆ చాటువులు చెప్పవు. కారణాలను గుర్తుంచుకున్నది రాజ్యం కాదు, సాహిత్యం.

కృష్ణ వరదకు బదులు హగరి ఎండిన ఇసుకను పెట్టి చూస్తే ఇది గుమ్మఘట్ట రైతు కథ. సేద్యాన్ని జూదంతో పోల్చడం సీమ సాహిత్యంలో స్థిరపడిన రూపకం. అనంతపురం జిల్లా కథకుడు సింగమనేని నారాయణ తన కథాసంపుటికే 'జూదం' అని పేరుపెట్టారు. జూదంలో ఓడినవాణ్ణి ఎగవేతదారు అనరు. కానీ వాన పడక కంతు తప్పిన రైతు ఖాతా బ్యాంకు పుస్తకంలో 'మొండి బకాయి' అవుతుంది. మొండితనం మనిషి గుణం. దాన్ని బాకీకి అంటగట్టి, అక్కణ్ణుంచి మనిషికి తిప్పిపంపే మాట ఇది. పాత వాడుకలోని 'పారుబాకీ'లో ఈ నింద లేదు. పారిపోయినది, ఇక రానిది అన్న విచారమే అందులో ఉంది. అదే బ్యాంకు తన సొంత చిక్కును చెప్పుకునేటప్పుడు మాత్రం 'ఒత్తిడికి లోనైన ఆస్తులు' అంటుంది. ఒత్తిడి బయటనుంచి వచ్చేది. బ్యాంకుకు వచ్చింది ఒత్తిడి, రైతుది మొండితనం. పదాల ఎంపికలోనే తీర్పు జరిగిపోయింది.

విపత్తుల సందర్భంలో పంటనష్టం 33 శాతం, ఆపైన ఉంటే స్వల్పకాలిక రుణాలను దీర్ఘకాలికంగా మార్చడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తాయి. వ్యవస్థకు ఆపద అంటే ఏమిటో తెలియక కాదు. కానీ 300 నుంచి 900 మధ్య ఉండే వ్యక్తిగత స్కోరు చెల్లింపుల చరిత్రను చూస్తుంది. తప్పిన కంతు కనబడినంత స్పష్టంగా తప్పించిన మేఘం అందులో కనబడదు. ప్రభుత్వ బ్యాంకు రేటింగులో 'ఆదుకొనేవాడు ఉన్నాడు' అన్న వాక్యం మొదటి బలం. రైతు స్కోరులో అటువంటి వాక్యానికి గడి లేదు.

6. ఎవరి కాగితానికి అక్షరం?

ఈ అసమానత్వం ఆంధ్రప్రదేశ్‌లోనే రెండు కాగితాల రూపంలో పక్కపక్కన కనిపించింది. 2014లో రాష్ట్రప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర రూపాయల పరిమితితో పంటరుణాల ఉపశమనాన్ని ప్రకటించింది. రూ. 50,000 లోపు రుణాలను ఒకేసారి తీర్చి, అంతకు మించినవాటిని ఐదు వార్షిక విడతలలో, 10 శాతం వడ్డీతో చెల్లిస్తామని రైతులకు పత్రాలిచ్చింది. జనం వాటిని బాండ్లనే అన్నారు. 2019లో ప్రభుత్వం మారాక నాలుగు, ఐదు విడతల ఉత్తర్వు రద్దయింది.

2018 ఆగస్టులో రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ అమరావతి బాండ్లు జారీచేసింది. రూ. 2,000 కోట్లు, 10.32 శాతం వడ్డీ, రాష్ట్రప్రభుత్వ హామీ. రేటింగు ఉంది, ముంబై స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదు ఉంది, మదుపరుల తరఫున ధర్మకర్త ఉన్నాడు. తర్వాతి ఏళ్ళలో రాజధాని భవితవ్యం సందిగ్ధమైనప్పుడు ఆ బాండ్ల స్థాయి తగ్గింది. ఆ తగ్గుదల వార్త అయింది, లెక్కలోకి వచ్చింది.

న్యాయశాస్త్రరీత్యా ఈ రెండూ ఒకటి కావు. మొదటిది సంక్షేమనిర్ణయం, రెండవది విపణిలో కొని అమ్మదగిన ఒప్పందం. ఆ భేదాన్ని ఈ వ్యాసం కాదనడం లేదు. ఏ ప్రభుత్వానిది తప్పన్నదీ ఇక్కడి చర్చ కాదు. ఒకే రాష్ట్రం ఇచ్చిన రెండు మాటలలో ఒకదానికే మాట తప్పితే పడిపోయే అక్షరం ఉన్నదన్నది ఇక్కడి పరిశీలన. రైతు చేతిలోని కాగితానికి ట్రిపుల్ ఏ లేదు. కాబట్టి దానికి డీ కూడా రాలేదు. పరపతి లేని కాగితానికి పరపతి నష్టం కూడా ఉండదు. గుమ్మఘట్టలో బీరువా అరలో భద్రపరచిన ఆ పత్రాలను ఇప్పటికీ చూడవచ్చు. వాటిమీది అక్షరాలు తెలుగులోనే ఉన్నాయి. జనం చదివారు, నమ్మారు. చదవగలిగిన భాషలోని మాటకు లేని రక్షణ చదవలేని భాషలోని అక్షరానికి ఉండడం, గిరీశం కాలంనుంచి మనం గమనించవలసిన విషయం.

7. అభ్యంతరాలు, పరిమితులు

ఈ విమర్శకు కొన్ని అభ్యంతరాలు సహజం. రేటింగు చెల్లింపు సంభావ్యతను మాత్రమే చెబుతుంది, గుణదోషాలు నిర్ణయించదు అనవచ్చు. అది సరైన మాటే. అందుకే ఈ వ్యాసం తప్పుపట్టేది డీ అనే అక్షరాన్ని కాదు, దాన్ని 'ఎగవేత'గా మార్చిన తెలుగును. ఆంగ్లంలో తటస్థంగా ఉన్నది మన భాషలోకి వచ్చేసరికి నింద అయింది. దోషం మన దగ్గర ఉంది కాబట్టి దిద్దుబాటు కూడా మన చేతిలోనే ఉంది.

ఊరి పరపతి కులానికీ, ఆస్తికీ, ఆధిపత్యానికీ అతీతమైనది కాదన్నది రెండవ అభ్యంతరం. ఇది మరింత బలమైనది. భూమిలేని కుటుంబానికి, దళితవాడకు, ఒంటరి స్త్రీకి ఊళ్ళో అప్పు పుట్టిన తీరు వేరు, వడ్డీ వేరు. మనిషిని చూసి ఇచ్చే అప్పులో మనిషి పుట్టుకను చూడడం కూడా ఉండేది. అంకె కనీసం పేరు అడగదు. ఈ వాదాన్ని తోసిపుచ్చలేం. పరపతి అన్న మాటను ఆదర్శంగా కాక ఒక కొలమానంగా మాత్రమే ఇక్కడ వాడటానికి కారణం ఇదే.

8. ముగింపు

ప్రభుత్వ బ్యాంకు ఋణపత్రాల రేటింగును పాఠంగా చదివినప్పుడు మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, అందులోని ప్రధానబలం వాక్యంలో కనబడని అధ్యాహారం, అంటే రాజ్యపు అండ. జర్మనీ అనుభవంలో దాని తొలగింపు, ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ విషయంలో అది రాకపోవడం ఈ సంగతిని రెండువైపులనుంచి నిరూపించాయి. రెండు, ఆ అండను బ్యాంకు లెక్కలో బలంగా చేర్చుకొనే వ్యవస్థ, రైతు లెక్కలో ఆపదను చేర్చుకోవడానికి అంత సిద్ధంగా లేదు. మూడు, ఈ తేడాను తెలుగు పరిభాష తగ్గించకపోగా పెంచింది.

కనుక 'డిఫాల్టు'కు 'చెల్లింపు తప్పడం' లేదా 'కంతు తప్పడం' అన్న వాడుకమాటలను పరిభాషగా స్వీకరించి, 'ఎగవేత'ను బుద్ధిపూర్వకమైన సందర్భానికే పరిమితం చేయాలని ఈ వ్యాసం సూచిస్తుంది. 'మొండి బకాయి' స్థానంలో 'రాని బాకీ', 'పారుబాకీ' వంటి పాతమాటలు ఇప్పటికీ పనికివస్తాయి. ఇది బ్యాంకులు చేయవలసిన పని కాదు. నిఘంటువులు కూర్చేవారు, పత్రికలకు రాసేవారు, తరగతిగదిలో అనువాదం బోధించేవారు చేయవలసినది. పరిశోధకులు రేటింగు హేతువివరణలను, బ్యాంకు తాఖీదులను, రుణపత్రాలను కూడా తెలుగు పాఠాలుగా సేకరించి పరిశీలిస్తే సీమ సాహిత్యంలోని ఋణచిత్రణకు కొత్త ఆకరాలు లభిస్తాయి.

శ్రీనాథుడి బాకీ తీరిందో లేదో చాటువులు చెప్పవు. ఆయనను ఎగవేతదారు అని మాత్రం ఇన్ని శతాబ్దాలలో ఏ తెలుగువాడూ అనలేదు. వాన తప్పినందువల్ల కంతు తప్పినవారికి ఆ మర్యాదను నిరాకరించడానికి మన భాషకు తగిన కారణం కనబడదు.